కష్టకాలమున మగ్గము నిలిచిన విధము



నేను నేడు మీకు చెప్పబోవు చరిత్రలో రాజులు తక్కువ, యుద్ధములు అంతకంటె తక్కువ. మీరు చిన్ననాటినుండి చూచుచున్న ఒక చిన్న వ్యాపారము కష్టకాలములను ఎట్లు గడచి వచ్చినదో చెప్పవలెనని నా సంకల్పము. ఆ వ్యాపారము చేనేత.

నేతను వృత్తి యందుమే గాని వ్యాపారమనుట మనకు అలవాటు లేదు. కాని కొంచెము ఆలోచింపుడు. నూలు కొని, దానిని గుడ్డగా మార్చి, ఆ గుడ్డ నమ్మి, వచ్చిన సొమ్ముతో ఇల్లు గడపుకొని, మిగిలినదానితో మరల నూలు కొనువాడు వ్యాపారి గాక మఱేమి? అతనికి సరకు నిచ్చువాడొకడు, సరకు కొనువాడొకడు, అప్పు పెట్టువాడొకడు కలరు. ఈ మువ్వురిలో ఎవరు చేయి తీసినను అతని మగ్గము ఆగును. అంగడి పెట్టుకొన్న వర్తకునికిని, గానుగ ఆడించువానికిని, కొలిమి ఊదువానికిని ఇదియే స్థితి. కనుక నేతగాని కథ వారందఱి కథయు నగును.

1611వ సంవత్సరమున ఇంగ్లీషు కంపెనీవారు మచిలీపట్టణమున వర్తకస్థానము నేర్పఱచుకొన్నది మొదలు నేటివఱకు నాలుగు వందల యేండ్లు దాటినవి. ఈ కాలములో మగ్గమునకు తగిలిన దెబ్బలు ఇన్ని అన్ని కావు. మిల్లు వచ్చినది, కఱవు వచ్చినది, యుద్ధము వచ్చినది, ధరల పతనము వచ్చినది. చేనేత చచ్చిపోయినదని ప్రతి తరమునందును ఎవరో యొకరు చెప్పుచునే యుండిరి. అయినను 2019-20లో తీసిన దేశపు చేనేత లెక్కలలో ఈ పనిమీద బ్రదుకువారు 35 లక్షలకు పైబడి కనబడిరి. ఇది ఎట్లు సాధ్యమయ్యెను?

దీనికి మన పెద్దలు సాధారణముగా చెప్పు కారణము ఒక్కటే: నేతగాని ఓర్పు. ఆ మాట అబద్ధము కాదు. కాని పూర్తి సత్యము కూడ కాదు. ఓర్చుకొనుట యొకటి, నిలదొక్కుకొనుట మఱియొకటి. ఒక పూట తిండి మాని మగ్గము నడపినవాడు ఓర్చుకొన్నవాడు. కష్టము వచ్చునప్పటికి రెండవ దారి సిద్ధముగా నుంచుకొన్నవాడు నిలదొక్కుకొన్నవాడు. వీధిలో నుండి చూచినచో ఇద్దఱి మగ్గములును ఆడుచునే యుండును. వంటయింటిలోనికి చూచినగాని భేదము తెలియదు. ఆ భేదమును చరిత్రలో వెదకి చూపుటయే నేటి నా ప్రసంగము.

మొదట ఆ యింటి పనితీరు జ్ఞప్తికి తెచ్చుకొందము. తెల్లవాఱుచుండగనే సాలెవీధిలో పడుగు సాగదీసి, గంజి పెట్టి, కుంచెతో దువ్వుదురు. ఎండ ముదిరినచో దారము పెళుసగును గనుక ఆ పని ప్రొద్దెక్కకముందే ముగియవలెను. వాన కురిసినదినమున ఆ పనియే లేదు. మగవాడు గుంటలో కాళ్లు పెట్టి కూర్చుండి నేయుచుండగా, ఇల్లాలు రాట్నముపై కండెలు చుట్టును. ముసలివారు చిలపల చిక్కు తీయుదురు. పిల్లలు దారము లందింతురు. మజూరీ మాత్రము ఒక్కరి పేరనే వచ్చును, పని నలుగురిది.

మగ్గము బలమును, బలహీనతయు ఇందులోనే యున్నవి. ధర పడిపోయినపుడు మిల్లు యజమాని కూలివాండ్రను తీసివేయును, లేదా మిల్లు మూసికొనును. నేతగాడు ఇల్లాలిని, బిడ్డలను ఎక్కడికని తీసివేయును? అందఱును ఇంకొక గంట అధికముగా పనిచేసి, ఒక ముద్ద తక్కువగా తిందురు. అందుచేత మగ్గము ఆగదు. లోకము దానిని చూచి, ఎంత గట్టి వృత్తి యనును. ఆ గట్టితనమునకు వెల చెల్లించినది ఆ యింటి ఆడువారి కడుపు.

ఇక పూర్వకథ. పదునేడవ శతాబ్దమున మన తీరపు గుడ్డ పోని దేశము అరుదు. మచిలీపట్టణపు అద్దకపు గుడ్డలు పారసీకమునకును, తూర్పు దీవులకును, ఐరోపాకును పోయెడివి. నరసాపురమువద్ద గోదావరి యొడ్డున మాధవాయపాలెమను ఊరు కలదు. ఇంగ్లీషువారి నోట అది మడపొల్లమయ్యెను. అచ్చటినుండి ఓడ యెక్కిన తెల్లగుడ్డకు ఆ యూరి పేరే నిలిచి, ఐరోపా భాషలలో ఒక విధమైన గుడ్డను నేటికిని ఆ పేరననే పిలుచుచున్నారు. పడుగులోని దారములను పుంజముల లెక్కను కొలిచి, ఇన్ని పుంజముల గుడ్డయని బేరమాడెడివారు. ఆ తెలుగు మాట కంపెనీ లెక్కల పుస్తకములలోనికి కూడ ఎక్కినది.

ఆ దినములలో కొనువారు పలువురు. డచ్చివారు, ఇంగ్లీషువారు, ఫ్రెంచివారు, పారసీక వర్తకులు, స్వదేశ వర్తకులు పోటీపడి బయానా లిచ్చెడివారు. ఒకడు ధర తగ్గించినచో నేతగాడు రెండవవానియొద్దకు పోగలిగెడివాడు. ఇంగ్లండులోని నేతపనివారు మన గుడ్డ రాకకు ఓర్వలేక అలజడి చేయగా, అచ్చటి పార్లమెంటు 1700లో ఒక చట్టమును, 1721లో మఱియొక చట్టమును చేసి రంగు గుడ్డల, అద్దకపు గుడ్డల దిగుమతిని, వాడుకను అడ్డగించినది. అయినను మన మగ్గములు ఆగలేదు. ఒక తలుపు మూసికొన్నను, తెఱచియున్న తలుపులు వేఱుగా కలవు.

1766 తరువాత ఉత్తర సర్కారులు కంపెనీ వశమైనవి. దానితో పరిస్థితి క్రమముగా మాఱెను. పన్ను వసూలు చేయువాడును, గుడ్డ కొనువాడును ఒక్కడే యయ్యెను. కంపెనీ బయానా పుచ్చుకొన్నవాడు ఆ గుడ్డ ముగించువఱకు ఇతరులకు నేయగూడదు. మాట తప్పకుండ చూచుటకు బంట్రోతులను కాపు పెట్టెడివారు. ఆ బంట్రోతుల బత్తెము నేతగానిమీదనే పడెడిది. గోదావరి తీరపు నేతగాండ్రు ఆ శతాబ్దము చివఱ గుంపులుగా కూడి మొఱపెట్టుకొనిరి. కొన్నియెడల పని మానిరి. కాని కొనువాడు మఱియొకడు లేనపుడు మొఱకు బలమెక్కడిది?

అయినను కంపెనీ కొనుచున్నంతకాలము ఏదో తిండి దొరకెడిది. 1813లో హిందూదేశ వర్తకమునందు కంపెనీకిగల ఏకస్వామ్యమును పార్లమెంటు తీసివేసినది. ఇంగ్లండు మిల్లుగుడ్డ మన రేవులకు రాసాగెను. కంపెనీ కొనుగోలు తగ్గించుచు వచ్చి, 1833 నాటి చట్టముతో వర్తకమునే విడిచిపెట్టెను. తరతరములుగా ఒక్క వాకిటనే నిలుచుట నేర్చుకొన్న నేతగాండ్ర యెదుట ఆ వాకిలి మూతపడెను. సరిగా ఆ దినములలోనే నందన నామ సంవత్సరపు కఱవు వచ్చెను. 1832-33లో గుంటూరు సీమలో ఐదు లక్షల జనములో సుమారు రెండు లక్షలమంది నశించిరని అప్పటి అంచనా. కఱవులో మొదట మానుకొనునది గుడ్డ కొనుట. కనుక రైతుకు గింజ లేకపోకముందే నేతగానికి బేరము లేకపోయెను. కొనువాడొక్కడే యైన వ్యాపారము, ఆ కొనువాడు బ్రదికియున్నను అతనికి బానిస. అతడు పోయినచో అనాథ.

రెండవ దెబ్బ నూలు రూపమున వచ్చెను. అంతకుముందు నూలు వడకుట పల్లెల ఆడువారి పని. రైతు యిల్లాలు, వితంతువు, ముసలమ్మ తీరికవేళల రాట్నము త్రిప్పి నాలుగు డబ్బులు తెచ్చుకొనెడివారు. పందొమ్మిదవ శతాబ్దమున విదేశపు మిల్లునూలు వచ్చెను. అది సన్నము, సమము, చౌక. నేతగాడు దానిని పట్టుకొనెను. పట్టుకొనకున్నచో మిల్లుగుడ్డ ధరతో అతడు ఒక్క సంవత్సరమైనను పోటీపడజాలడు. అతడు చేసినది తెలివైన పని. మగ్గము బ్రదికినది ఆ తెలివివలననే. కాని రాట్నము మూలబడెను. లక్షలాది ఆడువారి చేతి సంపాదన పోయెను. అంతటితో ఆగలేదు. ప్రక్కయింటిలో దొరకెడి ముడిసరకు ఇప్పుడు సముద్రముల కావలినుండి, తరువాత బొంబాయి మిల్లులనుండి రావలసి వచ్చెను. అక్కడ ఏ గాలి వీచినను ఇక్కడి మగ్గము వణకును.

దీనికి ఒక నిదర్శనము వినుడు. 1861లో అమెరికాలో అంతఃకలహము మొదలయి 1865 వఱకు సాగెను. అచ్చటి ప్రత్తి ఇంగ్లండునకు పోవుట ఆగిపోగా, మన దేశపు ప్రత్తి ధర ఆకాశమునంటెను. ప్రత్తి పండించిన రైతు నాలుగు డబ్బులు కన్నులజూచెను. అదే ఊరిలోని నేతగాడు నూలు కొనలేక మగ్గము కట్టిపెట్టెను. యుద్ధము మగ్గమునకు పదివేల మైళ్ల దూరమున జరిగినది. ఆ యుద్ధము పేరైనను అతడు వినియుండడు.

ఇట్టిదే మఱియొకటి. మన దేశపు మిల్లుల రక్షణకై ప్రభుత్వము విదేశపు నూలుపై 1922లో నూటికి ఐదు వంతున సుంకము విధించెను. 1927లో దానిని పౌనుకు కనీసము అణాన్నర యగునట్లు పెంచెను. ఉద్దేశము మంచిదే కావచ్చును. కాని సన్ననూలు విదేశమునుండియే తెచ్చుకొను నేతగానిమీద ఆ బరువు పడెను. పెద్దవాని కొఱకు కట్టిన గోడనీడ చిన్నవాని పెరటిలో పడుట వర్తకములో తఱచు జరుగు సంగతి.

ఈ కథకు ఒక అపవాదము కలదు. శ్రీకాకుళము జిల్లాలోని పొందూరులో వడకుట చావలేదు. అచ్చటి స్త్రీలు కొండప్రత్తిని, పునాసప్రత్తిని తీసికొని, వాలుగ చేప దవడ యెముకతో దూదిని దువ్వి, గింజ తీసి, ఏకి, అతిసన్నని నూలు వడకుదురు. 1921లో బెజవాడలో కాంగ్రెసు సభ కూడి దేశమందు ఇరువది లక్షల రాట్నములు తిరుగవలెనని తీర్మానించినప్పుడు, చాల ఊళ్లవారు మఱచిన విద్యను మరల నేర్చుకొనవలసి వచ్చెను. పొందూరువారికి ఆ యవసరము లేకపోయెను. ముడిసరకు తమ చేతిలోనే యున్నందున వారి గుడ్డకు ఎవరికిని లేని గుర్తింపు నిలిచినది. పొందూరువలె అందఱును చేయగలరని నేననుట లేదు. ఆ పని మిక్కిలి మెల్లనిది. దాని కూలి స్వల్పము. కాని సరకులో ఒక్క భాగమైనను మన ఊరి చేతిలో నుండుట ఎంత విలువైనదో పొందూరు చూపుచున్నది.

ఇంతవఱకు చెప్పినది దెబ్బల కథ. ఇక తెలివి కథ చెప్పెదను. మన నేతగాడు పాతకే అంటిపెట్టుకొని చెడినాడని కొందఱందురు. అది సరికాదు. చేతితో నాడెను ఈ ప్రక్కనుండి ఆ ప్రక్కకు విసరుటకు బదులు, త్రాడు లాగినంతనే నాడె తనంతట పఱుగెత్తు ఏర్పాటును జాన్ కే అను ఇంగ్లీషువాడు 1733లో కనిపెట్టెను. మద్రాసులో ఆల్‌ఫ్రెడ్ చాటర్టన్ అను అధికారి ఇరువదవ శతాబ్దారంభమున దానిని మన మగ్గములపై పరీక్షించి ప్రచారము చేసెను. కోస్తా జిల్లాల నేతగాండ్రు దానిని వేగముగా స్వీకరించిరి. కారణము స్పష్టము. దానికై పాత మగ్గమును పాఱవేయ నక్కఱలేదు. ఉన్న గుంటమీదనే కొలది రూపాయలతో అమర్చుకొనవచ్చును. గుడ్డ మాత్రము సుమారు రెట్టింపు వేగముతో దిగును. ఇంటిని తాకట్టు పెట్టి కొనవలసిన యంత్రము వేఱు, పండుగ ఖర్చు తగ్గించుకొని అమర్చుకొను పనిముట్టు వేఱు. కష్టకాలమున చిన్నవానికి పనికివచ్చునది రెండవది.

వారు చేసిన రెండవ తెలివైన పని, ఏది నేయవలెనో యెంచుకొనుట. నడితరపు సాదాగుడ్డను మిల్లునకు విడిచిపెట్టిరి. దానిలో మిల్లును గెలువ నెవరితరము? కాని మిల్లు వేలకొలది గజములు ఒక్క తీరుగా నేసిననే గాని గిట్టదు. ఎనిమిది గజములకొక పేట, రెండు ప్రక్కల రెండు రంగుల అంచు, చివఱ వేఱు కొంగు కావలెనన్నచో దానికి చిక్కు. చేతి మగ్గమునకు అది చిక్కు కాదు, అలవాటు. అందుచేత అంచుచీరలు, జరీపేటలు, పెండ్లి మధుపర్కములు మగ్గమునకే మిగిలినవి. క్రింది అంచున, కాయకష్టము చేయువారికి కావలసిన ముతకగుడ్డ కూడ చాలకాలము మగ్గముదే. మాలపల్లెలలోని నేతగాండ్రు దానిని నేసి సంతలలో అమ్మెడివారు. నడుమ పోయినను రెండు కొసలు నిలిచినవి.

చీరాల తేలియా రుమాలు కథ ఈ సందర్భమున చెప్పదగినది. నూలును నూనెలోను, బూడిదనీటిలోను చాలదినములు నానబెట్టి ఆఱబెట్టి, ముడులు కట్టి, ఎఱుపు నలుపు రంగులలో ముంచి, చతురస్రముగా నేసెడివారు. నూనె పట్టిన గుడ్డ ఎండలో చల్లగా నుండును గనుక అరబ్బు తీరములవారు దానిని తలపాగగా కోరెడివారు. దూరదేశపు బేరము ఉన్నంతకాలము చీరాల వీధులు కళకళలాడినవి. ఆ బేరము తగ్గగా రుమాలు తగ్గెను. కాని ముడులు కట్టు విద్య నశింపలేదు. అది నల్లగొండ సీమకు పోయి, పోచంపల్లి, పుట్టపాక గ్రామములలో వేళ్లు తన్నుకొన్నది. అచ్చటివారు 1950 తరువాత ఆ విద్యను రుమాలునుండి పట్టుచీరకు మార్చిరి. అరబ్బు తలమీది గుడ్డ తెలుగు ఆడుబిడ్డ కట్టు చీరయయ్యెను. పుట్టపాక తేలియా రుమాలునకు 2020లో ప్రభుత్వముచే భౌగోళిక గుర్తింపు కూడ లభించెను. సరకు మాఱినది, కొనువారు మాఱిరి, ఊరు సైతము మాఱినది. చేతిలోని విద్య మాత్రము మాఱలేదు. వ్యాపారి పట్టుకొనదగినది సరకును కాదు, సరకును పుట్టించు నేర్పును.

ఇన్ని తెలివితేటలు చూపినను 1930 ప్రాంతపు ధరల పతనము నేతగాని నడుము విఱిచెను. 1929లో మొదలయిన ఆ మాంద్యమున మన జిల్లాలలో వడ్లధర సుమారు సగమునకు పడిపోయెను. శిస్తు మాత్రము తగ్గలేదు. శిస్తు కట్టగా మిగులనప్పుడు రైతు చీర యెట్లు కొనును? ఆ సమయముననే జపాను గుడ్డ అతిచౌకగా దిగెను. నిడుబ్రోలువాసి ఆచార్య ఎన్.జి. రంగాగారు ఆ దినములలోనే ఆంధ్ర నేతగాండ్ర యిండ్లను, మగ్గములను, అప్పులను పరిశీలించి, చేనేత ఆర్థికస్థితిపై 1930లో ఒక గ్రంథమును ప్రకటించిరి.

అప్పులమాట వచ్చినది గనుక అసలు ముడి ఎక్కడ నున్నదో చెప్పెదను. నేతగానికి నూలు అరువిచ్చువాడు షావుకారు. నేసిన గుడ్డ కొనువాడును ఆ షావుకారే. నడుమ పెండ్లికో, చావుకో అప్పిచ్చువాడును అతడే. నూలు ధర అతడు చెప్పినది, గుడ్డ ధర అతడు చెప్పినది, వడ్డీ అతడు వ్రాసినది. షావుకార్లందఱు చెడ్డవారని నేననను. కఱవుదినములలో గింజలు కొలిచి యిచ్చి కాపాడినవారును కలరు. కాని మూడు పగ్గములును ఒక్క చేతిలో నున్నపుడు, ఆ చేయి మంచిదైనను ఎద్దు స్వతంత్రము కాదు. పూర్వము కంపెనీ చేసినదానినే ఇప్పుడు వీధిచివరి దుకాణము చిన్నయెత్తున చేసినట్లయ్యెను.

ఈ ముడిని విప్పుటకై వచ్చినది సహకారసంఘము. 1904 చట్టము అప్పుల సంఘములకు మాత్రమే చోటిచ్చెను; 1912 చట్టము కొనుట, అమ్ముట, ఉత్పత్తి చేయుటకు గూడ సంఘములు పెట్టుకొనవచ్చుననెను. 1934లో కేంద్రప్రభుత్వము చేనేత కొఱకు ఏటేట ఐదు లక్షల రూపాయల సహాయము ఇయ్య నిశ్చయించెను. 1935లో మద్రాసు రాజధానికి నేతగాండ్ర ప్రాంతీయ సహకారసంఘము ఏర్పడినది. నూలు టోకున కొని తెచ్చి యిచ్చుట, క్రొత్త నమూనాలు చూపుట, పట్టణములలో అమ్మకపు దుకాణములు తెఱచుట దాని పని. మొదట చేరినవారు కొద్దిమందియే. షావుకారు అప్పు తీర్చనివాడు సంఘములో చేరుటకు వెఱచెడివాడు. దీపముండగనే ఇల్లు చక్కబెట్టుకొనవలెనన్న సామెత ఎఱుగనివారు లేరు, ఆచరించినవారు కొందఱే.

ఆ కొందఱి ముందుచూపు యుద్ధకాలమున బయటపడెను. 1939లో మొదలయిన యుద్ధమున మిల్లులు తమ నూలును తామే నేసికొనసాగెను. విదేశపు నూలు రాకడ నిలిచెను. నూలు ధర అనేక రెట్లు పెరిగి, దొంగబజారున గాని దొరకకపోయెను. 1942లో చేనేత స్థితిని విచారించిన సంఘము దేశమందు సుమారు ఇరువది లక్షల మగ్గములున్నవని తేల్చెను. వానిలో ఎన్నో నూలు లేక ఆగియుండెను. 1943లో గుడ్డమీదను నూలుమీదను కంట్రోలు వచ్చినపుడు, నూలు పంచుటకు సహకారసంఘములు సిద్ధముగా నున్నవి. సంఘమున్న ఊరిలో చిలప నియమిత ధరకు చేరెను. సంఘము లేని ఊరివారు అప్పుడు సంఘము పెట్టుకొనుటకు పరుగులెత్తిరి. ఇల్లు కాలుచుండగా బావి త్రవ్వినట్లయినను, త్రవ్విన బావి తరువాత పనికివచ్చినది.

సంఘమే సర్వరోగములకు మందని చెప్పి మిమ్ము మోసపుచ్చను. తరువాతి దశాబ్దములలో చాల సంఘములు నిద్రపోయినవి. మగ్గములు పుస్తకములలో మాత్రమే ఆడిన సంఘములును కలవు. అన్ని గుడ్డలను ఒక్క ప్రభుత్వ దుకాణమే కొనవలెనని కూర్చుండినచోట పాత కంపెనీ కథయే మరల నడచినది: కొనుగోలు ఆగిననాడు మగ్గము ఆగెను. 1991లో నూలు ధర మితిమీఱి పెరిగినపుడు ప్రకాశము, గుంటూరు జిల్లాలలో నేతగాండ్రు ఆకలితోను, అప్పులతోను ప్రాణములు కోలుపోయిరి. అదియు మన కన్నులయెదుట జరిగినదే. ఆ మరణించినవారికి ఓర్పు తక్కువయై చనిపోలేదు. ఓర్పు వారియొద్ద కావలసినంత కలదు. లేనిది రెండవ దారి.

కనుక ఈ చరిత్రమునుండి మనము గ్రహింపవలసినది క్లుప్తముగా చెప్పి ముగించెదను. కొనువారు ఒక్కరు గాక పలువురుండవలెను. పెద్దబేరము దొరకినపుడు కూడ చిన్న ఖాతాలను విడువరాదు. నూలు ఇచ్చువాడు, గుడ్డ కొనువాడు, అప్పు పెట్టువాడు ముగ్గురును ఒక్కడే కాకుండ చూచుకొనవలెను. పనిముట్టు మార్చునప్పుడు ఇల్లు కదలని వెలలో మార్చవలెను. పెద్దవాడు చేయలేని సరకును ఎన్నుకొనవలెను. మంచి బేరము నడచు మాసములలో, రాబోవు వానకాలపు తిండిని, ఒక పడుగునకు చాలు నూలును విడిగా నుంచుకొనవలెను. అన్నిటికంటె ముఖ్యము, లెక్క వ్రాయునపుడు ఇల్లాలి పనిని, ముసలివారి పనిని గూడ వ్రాయవలెను. వారి కూలి లెక్కింపకయే లాభమున్నదనుకొన్న వ్యాపారము లాభములో లేదు, ఇంటివారిని తినుచున్నది.

ఇందు నేతగానికి ఒక్కనికే సాధ్యము కానివి కొన్ని కలవు. అక్కడ మీవంటి పెద్దల పని వచ్చును. ఊరి సంఘపు లెక్కలు ఏటేట నలుగురి యెదుట చదివించుట మీ చేతిలో నున్నది. అప్పుకాగితము చదువలేనివానికి దానిని చదివి చెప్పుట మీ చేతిలో నున్నది. పెండ్లిలో మధుపర్కములు ఎచ్చట కొనవలెనో చెప్పుమాట మీ నోట నున్నది. ఓర్పును మెచ్చుకొనుట సులభము. దానికి ఖర్చు లేదు. ఈ సారి సాలెవీధినుండి నడచునపుడు మగ్గము చప్పుడు వినబడినచో, పని నడచుచున్నదని సంతోషించి పోవలదు. ఒక్క నిమిషము నిలిచి, ఏమి నాయనా, నూలెక్కడిది, గుడ్డ ఎవరికని అడుగుడు. రెండు ప్రశ్నలకును ఒక్క పేరే ప్రత్యుత్తరముగా వచ్చినచో, ఆ యింటికి మీ ఆలోచన కావలసియున్నదని తెలిసికొనుడు.